జంపక్క వాటా

భద్రయ్యకు కాగితాల మిల్లులో ఉద్యోగం పర్మినెంటయిన ఏడాది, అంటే ఎనభై నాలుగులో, జంపక్క సారపాకలో మిల్లు క్వార్టర్‌కు కాపురానికి వచ్చింది. ఆమె పుట్టిల్లు పర్ణశాల అవతల కోయగూడెం. అక్కడ తలుపంటే తడిక. ఇక్కడ లోపలొక గడియ, బయటొక తాళం. మొదటి నెలంతా తాళంచెవి వెతుక్కోవడంతోనే ఆమెకు సరిపోయింది.

పక్క క్వార్టర్ హైమది. భర్త మిల్లు ఆఫీసులో గుమాస్తా. కోస్తా నుంచి వచ్చి వైరా చెరువు కింద మాగాణి సంపాదించుకున్న కుటుంబం వాళ్లది. మనిషి చెడ్డది కాదు, ముక్కు కొంచెం పైకుండేది, అంతే. జంపక్క వాళ్లు దిగిన వారానికే గిన్నెడు పులిహోర పంపింది. జంపక్క తిన్నది, గిన్నె కడిగి గూట్లో పెట్టుకున్నది. గూడెంలో అంతే మరి. ఉన్నవాళ్లు పెడతారు, గిన్నె అవసరమైనప్పుడు వచ్చి పట్టుకుపోతారు.

పది రోజులకు హైమ గుమ్మంలోకి వచ్చింది.

"ఏంటి జంపక్కా, మా గిన్నె మీ ఇంట్లోనే కాపురం పెట్టిందా? అడుగున మా ఆయన పేరు కొట్టించాం, చూసుకో."

జంపక్క గిన్నె తెచ్చి చేతిలో పెట్టింది. హైమ అందులోకి తొంగి చూసింది, ఖాళీ. మూతి ముడుచుకుని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం కొళాయి దగ్గర "అడవి జనం, ఖాళీ గిన్నె పంపకూడదని కూడా తెలీదు" అన్న మాట జంపక్క చెవిన పడింది. అక్కడున్న ఆడవాళ్లు నవ్వారు కూడా. ఆమెకు తల కొట్టేసినట్టయింది. పరాయివాళ్ల పేరున్న గిన్నెను గూట్లో దాచుకున్న మనిషిని ఏమంటారో వాళ్లు నోటితో అనలేదు, అయినా ఆమెకు వినిపించింది.

పంతం గల మనిషి. నేర్చుకున్నది. పప్పు వస్తే గిన్నెలో చారెడు పంచదార, పాయసం వస్తే రెండు అరటిపళ్లు. తక్కువ పెడితే లోకువ, ఎక్కువ పెడితే గొప్పలకు పోయిందంటారు. అందుకే పక్కింటి గిన్నె ఇంట్లో ఉన్నంతసేపూ కాలుగాలిన పిల్లిలా తిరిగేది.

"ఏందే, గిన్నెను చూస్తే పామును చూసినట్టు చేస్తవ్" అని భద్రయ్య ఎగతాళి చేసేవాడు.

రెండేళ్లకు తన గిన్నెల అడుగున కూడా పేరు కొట్టించుకుంది. ఆ రోజు ఆమె గర్వం చూడాలి!

గూడెంలో ఎండాకాలం మొదట్లో మామిడి కొత్త పండుగ చేస్తారు. వేల్పుకు పెట్టందే కొత్త కాయ ఎవరూ కొరకరు. ఆ రోజు కోసిన మేకను పొయ్యికొక వాటా చొప్పున ఆకుల్లో పంచుతారు. పెళ్లయి వెళ్లిన ఆడపిల్లకూ ఒక ఆకు పడుతుంది, దాన్ని అన్నదమ్ములు మోసుకెళ్లి ఇచ్చి వస్తారు. ఆకు పడినన్నాళ్లూ ఆమె ఆ ఊరి మనిషే.

ఎనభై ఏడులో అన్న పగిడయ్య ఎప్పటిలాగే మాంసం మూట, బుట్టెడు మామిడికాయలు తెచ్చాడు. జంపక్క కుర్చీ వేస్తే దాన్ని పక్కకు జరిపి నేల మీద కూర్చున్నాడు. బుట్ట ఖాళీ కాగానే ఆమెకు కాలు నిలవలేదు. వంటింట్లోకీ ముందుగదిలోకీ నాలుగుసార్లు తిరిగింది. అన్న లేచే వేళకు బుట్టలో బిస్కెట్ పొట్లాలు, పంచదార, వదినెకని ఒక నైలెక్స్ చీర సర్దేసింది.

"ఏంది చెల్లె ఇది?"

"ఉత్త బుట్ట ఎట్ల పంపుత అన్నా?"

"నీ వాటా నీకు తెచ్చిన. దానికి బదులిస్తే ఏమన్నట్టు? మాకూ నీకూ చెల్లిపోయిందన్నట్టే గద!"

కోప్పడినా బాగుండేది. మెల్లగా అన్నాడు. ఒక్కొక్కటే తీసి గట్టు మీద పెట్టి, ఉత్త బుట్ట చంకన పెట్టుకుని బస్సుకు పోయాడు.

మరుసటేడు ఎవరూ రాలేదు. బస్సు చప్పుడైతే చాలు జంపక్క గేటు దాకా వెళ్లేది. వాకిలి ఊడ్చిందే మళ్లీ ఊడ్చేది. సంతలో మామిడికాయలు వచ్చాయి, పండాయి, అయిపోయాయి కూడా. వాటా రాలేదు కాబట్టి ఆమె ఒక్కటీ కొరకలేదు. భద్రయ్య మాత్రం మిల్లు క్యాంటీన్లో ఎప్పుడో తినేశాడు. హైమ మామిడికాయ పప్పు పంపితే జంపక్క మూత తియ్యకుండా భర్త ముందు పెట్టి, గిన్నెలో అరటిపళ్లు వేసి పంపింది.

ఆ పై ఏడు పండుగకు తానే బయల్దేరింది. భద్రాచలం బస్టాండులో కాళ్లు మిఠాయి కొట్టు వైపు లాగాయి. కొననే కొన్నది. బస్సులో ఆ పొట్లాన్ని కాసేపు ఒళ్లో, కాసేపు పక్కన మార్చి మార్చి పెట్టుకుంది. చివరికి దాన్ని పక్క సీటు ముసలమ్మ చేతిలో పెట్టేసి దిగిపోయింది.

ఆమె చేరేసరికి మేక తెగింది. నేల మీద ఆకులు వరసగా పరిచి ఉన్నాయి. జంపక్క చెట్టు పక్కన నిలబడింది. రెండు చేతులూ ఖాళీ. కాలనీలో ఎవరింటికీ అలా వెళ్లి ఎరగదు, ఆ చేతుల్ని ఏం చేసుకోవాలో ఆమెకు తెలియలేదు. పగిడయ్య తలెత్తలేదు. ఎవరూ రమ్మనలేదు, పొమ్మనలేదు. వెనక్కి తిరిగిపోదామనుకుంది కూడా. అప్పుడు వదినె చిన్నక్క అరిచింది:

"ఏందే, చేతులూపుకుంట వచ్చి గట్ల నిలబడ్డవ్? ఆకు గూడ మేమే కొయ్యాల్నా నీకు? జల్దీ తెచ్చుకోపో!"

జంపక్కకు ఏడుపొచ్చింది. పరుగున వెళ్లి మోదుగాకులు కోసుకొచ్చి వరస చివర పరిచింది. పగిడయ్య వచ్చి అందరికీ వేసినంతే వేశాడు.

మర్నాడు క్వార్టర్‌కు తిరిగొచ్చి ఆమె రెండు కొత్త మామిడికాయలు ఆకులో చుట్టి హైమకు ఇచ్చింది.

"ఉండు జంపక్కా, గిన్నెలోకి తీసుకుని నీ ఆకు నీకిచ్చేస్తా" అంది హైమ.

"ఆకుకు పేరు కొట్టియ్యలేదమ్మా, పారెయ్యుండ్రి" అని జంపక్క ఇంటికొచ్చేసింది.

పావుగంట కాలేదు, గ్లాసుడు పంచదార పట్టుకుని హైమ గుమ్మంలో ప్రత్యక్షమైంది. లోపలికి రాదు, వెనక్కి పోదు. గ్లాసు ఈ చేతి నుంచి ఆ చేతికి మారుతోంది. జంపక్క ఆ చేతుల వంకే చూసింది. నవ్వుదామనుకుంది గానీ నవ్వు రాలేదు.

గ్లాసు అందుకోలేదు. పీట వాల్చి, "కూసో హైమమ్మా, కాయ తిన్నరా?" అని అడిగింది.