పురి ఎక్కిన టంగూసు

ఆ రోజు పొద్దున్న ఎర్రన్న గుమ్మంలో గొంతుకూర్చుని, తాడు కొసనున్న ఇత్తడి రేకును గాలంతో సహా విప్పి, "జాగర్త, గుచ్చుకుంటాది" అంటూ పెళ్లాం అసిరమ్మ చేతిలో పెట్టాడు. ఆమె దాన్ని పాతగుడ్డలో చుట్టి చూరులో దోపింది. అతను గంజన్నం తాగి, మూతి తుడుచుకుని, తాడు చుట్టను మంచి భుజాన వేసుకుని ఒడ్డుకు నడిచాడు. రోజూ నడిచే దారే. ఆ రోజు మాత్రం గాలం లేకుండా, ఒక్కడూ వెళ్లాడు.

అరవై ఏడులోనో ఎనిమిదిలోనో కళింగపట్నం పల్లెకు నైలాను దారం వచ్చింది. అందరూ టంగూసు అనేవారు. అంతకుముందు జనపతాళ్లే. టంగూసు నీళ్లలో కనబడదు, కుళ్లదు, ఎండబెట్టక్కర్లేదు. ఎర్రన్నా, అసిరమ్మ తమ్ముడు పోతురాజూ తెప్పకు తెరచాప ఎత్తి, వెనకాల పొడుగాటి తాడుకు ఇత్తడి రేకు కట్టి ఈడ్చుకుపోయేవారు. చిల్లిపడ్డ బిందె అడుగు కోసి చేప ఆకారంలో వంచిన రేకు అది. నీళ్లలో తళతళమంటూ ఊగుతుంటే, చిన్న చేపనుకుని కోనాం లాంటి పెద్ద చేప వచ్చి అందుకునేది. ఎర్రన్నకు వల లాగే సత్తువ లేదు. ఒకసారి కెరటాల్లో తెప్ప బోల్తాపడి, దుంగ కింద నలిగిన ఎడమ భుజం మళ్లీ పైకి లేవలేదు. చంకలో తెడ్డు, వేళ్ల మీద తాడు. సముద్రంలో అతనికి మిగిలిన పని అదొక్కటే.

టంగూసుతో పాటు ఒక పీడ కూడా వచ్చింది. గాలి జోరెక్కితే రేకు ఊగడం మాని గిరగిరా తిరిగేది. అది తిరిగినకొద్దీ తాడుకు పురి ఎక్కేది. జనపతాడైతే ఆ పురిని కొంత తనలోనే దాచుకునేది. టంగూసు దాచుకోదు. బిగువుగా ఉన్నంతసేపూ బాగానే ఉండి, కాస్త వదులవగానే చుట్టలు చుట్టుకుని తనకు తానే ముడిపడేది. పెద్ద చేప గుంజితే ఆ ముడి దగ్గరే పుటుక్కుమనేది.

ఎర్రన్న చెయ్యని ప్రయత్నం లేదు. రేకు వంపు తగ్గిస్తే అది ఊగేది కాదు, చేప దానివైపు చూసేది కాదు. రేకు తలకు సీసం ముక్క బిగిస్తే తిరగడం తగ్గింది గానీ మానలేదు. సరుగుడు తోటలో తాడును బారుగా లాగి కట్టి, కొస పట్టుకుని వెనక్కి తిప్పి చూశాడు. ఎక్కడ ఆపాలో తెలిసేది కాదు. ఆపకపోతే అటువైపు పురి ఎక్కేది.

ఒకసారి ఏదో చేప రేకునే తెంపుకుపోయింది. వేరే రేకు లేక, ఉత్త తాడునే ఒడ్డు దాకా ఈడ్చుకొచ్చారు. తీరా చూస్తే తాడు దువ్విన జుట్టులా ఉంది. పురినంతా నీరే విప్పేసింది. ఆనాటి నుంచీ మందు తెలిసింది. కానీ ఆ మందు వేసిన రోజు వేట ఉండదు.

ఎర్రన్న ఒక్కడూ వెళ్లడానికి ముందురోజు సాయంత్రం పోతురాజు తెడ్డు గోడకు కొట్టినంత పని చేసి లోపలికొచ్చాడు.

"ఏటి బావా ఇది! మనిసంత కోనాం. సేతికందేలోపే తెగిపోనాది."

"రేపొక్క రోజు ఉత్త తాడు ఈడ్సుకొద్దాంరా. పురి దిగిపోతాది" అన్నాడు ఎర్రన్న.

"గాలం నేకండా సముద్రంలోకెల్తే కాకులు నవ్వుతాయి."

"నీ పెళ్లినాడు ఊరే నవ్వినాది. కాకులకేటి సిగ్గు పడతావు?"

పోతురాజు నవ్వలేదు. "లక్ష్ముడు తెప్ప మీద సోటుందంట. వల పని. నాకేటి, రెండు భుజాలూ బాగున్నాయి."

"ఒరే, నోరు జాగర్త! బావతోటి మాటాడతన్నావు" అని అసిరమ్మ పొయ్యి దగ్గర నుంచి కసిరింది.

"తప్పేటన్నానప్పా? పిల్లలున్నోడిని. ఎల్లుండికి తాడు బాగైతే బావతోటే వస్తాను. నేకపోతే లక్ష్ముడుతో ఎల్లిపోతాను."

అతను వెళ్లాక ఎర్రన్న తాడును ఒళ్లోకి లాక్కున్నాడు.

"ఆడెల్లిపోతే తెప్ప కదల్దే. ఒడ్డున కూకుని నీ కాడ సేపలెండబెట్టాల నాను."

"కూకో. కాకుల్ని తోలడానికి మనిసి కావాల నాకు" అంది అసిరమ్మ, అతన్ని నవ్వించాలని. అతను ఒక ముడిని గోటితో విప్పసాగాడు.

మర్నాడు మధ్యాహ్నం వంశధార సముద్రంలో కలిసే మొగ దగ్గర ఒట్టి తెప్ప ఒడ్డుకు కొట్టుకొచ్చింది. కార్తీకం వరదకు అక్కడి ఇసుక దిబ్బ జరిగిపోయి, కెరటం కొత్త చోట విరుగుతోంది. ఇద్దరుంటే ఒకరు ముందు తెడ్డు వేస్తారు, ఒకరు వెనక తిప్పుతారు. ఒక్క భుజంతో రెండు పనులూ అయ్యేవి కావు. ఎర్రన్న ఆ మరుసటి రోజు ఉత్తరాన ఇసుకలో దొరికాడు.

తెప్ప వెనకాలే కొట్టుకొచ్చిన తాడును పోతురాజు చుట్టుకొచ్చాడు. దాన్ని వాకిట్లో దించి, కొస తీసి అక్క చేతికిచ్చాడు. "దిగిపోనాదప్పా. పురంతా దిగిపోనాది" అన్నాడు. తర్వాత లక్ష్ముడి తెప్పలో చేరాడు. ఎవరూ తప్పనలేదు.

పెద్దకర్మ అయ్యాక అసిరమ్మ మళ్లీ ఎండుచేపల తట్ట ఎత్తుకుంది. ఏటి అవతల రైతుల ఊళ్లలో ఏళ్ల తరబడి తిరిగి అమ్మిన ఇళ్లే. నారాయణమ్మ గారి పెరట్లో తట్ట దించి, ఇచ్చిన మజ్జిగ తాగుతూ కూర్చుంది. ఎదురుగా ఒక పెయ్య, కట్టేసిన గుంజ చుట్టూ తిరుగుతోంది. ఎంత తిరిగినా దాని పలుపుతాడుకు మెలిక పడడం లేదు. అసిరమ్మ చెంబు కింద పెట్టి దగ్గరికి వెళ్లింది. తాడు మధ్యలో రెండు చిన్న ఇనుప కడియాలు. రెండింటినీ కలుపుతూ ఒక మేకు; ఒకటి కదలకుండా ఉంటే రెండోది ఆ మేకు మీద తిరుగుతోంది.

"ఇదేటమ్మా?"

"అదా? కమ్మరోడు సేసిందే. అది నేకపోతే పలుపు పురెక్కీసి పెయ్య మెడకి బిగుసుకుంటాది."

"సన్న తాడుకైతే సన్నంగా సేస్తాడా?"

"సెయ్యకేటి? ఉంగరమంత అడిగితే ఉంగరమంతా సేస్తాడు. ఏటే అలా అయిపోనావు?"

అసిరమ్మ కడియాన్ని వేలితో తిప్పింది. కడియం తిరిగింది, తాడు తిరగలేదు. "ఇదెప్పుడు పెట్టినారమ్మా?"

"ఓలమ్మ, కొత్తదేటి! మా అత్త కాపరానికొచ్చిన కాణ్నుంచీ ఉన్నాది. ఈ ఊల్లో పెయ్యున్న పెతీ ఇంటా ఉంటాది" అంది నారాయణమ్మ.