వేడిబెల్లం పంపిందెవరు

నా చిన్నప్పుడు, చెరకు ఆడే రోజుల్లో వల్లూరు దగ్గరి మా తాత ఊరికి పోతే, ఊరికన్నా ముందు బెల్లం వాసన ఎదురొచ్చేది. పొద్దుటి మంచులో గానుగ ఎద్దులు కనిపించీ కనిపించకుండా తిరుగుతుండేవి. వెడల్పాటి పెనంలో చెరకురసం కుతకుత ఉడుకుతుంటే, ఆ ఆవిరిలో మనుషులంతా నీళ్ళ అడుగున ఉన్నట్టు మెల్లగా కదిలేవారు. తాత బెండకాడల రసం పోసి, పైకి తేలిన మురికిని తీసేసేవాడు. ఇంకే మందూ కలిపేవాడు కాదు. అందుకే మా బెల్లం నల్లగా ఉండేది. పాయసంలోకైనా కాఫీలోకైనా మాకు అదే తీపి. ఇప్పుడు ప్రొద్దుటూరులో మా పిల్లలు అలాంటి బెల్లం కోసమే అంగళ్ళన్నీ వెతుకుతారు.

ఆ ఊళ్ళోనే, అవ్వవాళ్ళ ఎదురింట్లో, అవ్వకు సొంత అక్క ఉండేది. మేము పెద్దవ్వ అనేవాళ్ళం. వాళ్ళమ్మ పోయిన రోజున ఇద్దరూ ఏదో మాటా మాటా అనుకున్నారట. నాకు ఊహ తెలిసేసరికే వాళ్ళ మధ్య పలకరింపులు లేవు. ఒకరు వాకిలి ఊడుస్తుంటే ఇంకొకరు లోపలికి పోయేవారు.

ఆ ఏడు పెద్దవ్వకు జ్వరమొచ్చింది. తగ్గాక కూడా నోటికి ఏదీ సయించడం లేదని ఎవరో చెబితే, అవ్వ పొయ్యి ముందు చాలాసేపు ఊరికే కూర్చుండిపోయింది. తాత అది చూశాడు.

మరునాడు పెనం దించగానే, ఇంకా గట్టిపడని బెల్లాన్ని కాస్త అరిటాకులో పెట్టి నా చేతికిచ్చాడు.

"పెద్దవ్వకిచ్చిరా పాపా. ఎవరు పంపినారంటే, మీ చెల్లెలని చెప్పు."

"అవ్వ పంపలేదు కదా తాతా?"

"పంపాలని శానా ఉండాది దానికి. చేతులు రాలేదు. అందుకే నీ చేతులతో పంపిస్తాండా. పో."

ఆకులోని వెచ్చదనం అరచేతుల్లోకి పాకుతుంటే, ఆ మంచులో ఎలా నడిచానో తెలియలేదు. నేర్పిన మాట చెప్పాను. పెద్దవ్వ వేలితో కొంచెం తీసి నోట్లో పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"నాకు పండ్లు లేవని, మెత్తగా ఉన్నప్పుడే పంపిందా అది!"

తర్వాత నా భుజం పట్టుకుని లేచి, వీధి దాటింది. అరుగు మీద బియ్యం చెరుగుతున్న అవ్వ చేతిలో చేట ఆగిపోయింది.

"నువ్వు పంపిన బెల్లం బాగుండాదే. నన్ను మర్చిపోలేదు నువ్వు."

అవ్వ నావైపు చూసింది. 'నేను పంపలేదు' అంటే అంతా అక్కడితో అయిపోతుంది. అవ్వ చూపు నన్ను దాటి, అప్పుడే వచ్చి కాళ్ళు కడుక్కుంటున్న తాత మీదికి పోయింది. ఆయన తలెత్తలేదు. అవ్వ కళ్ళు నిండాయి.

"యాడ మర్చిపోతానక్కా? నేనే పంపిచ్చినా. రా, ఈడ కూచో."

వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో గుర్తులేదు. ఆ గొంతులు వింటూ అవ్వ ఒళ్ళో నిద్రపోయాను.

పోయినేడు, ఎప్పుడో మాటలు తెగిపోయిన మా తమ్ముడు ఫోన్ చేశాడు.

"అక్కా, నా గురించి అడిగినావంట కదా. మీ కోడలు చెప్పింది."

నేను అడగలేదు. కోడలు వంటింట్లో తల వంచుకుని కూరగాయలు తరుగుతోంది.

"అవును నాయనా, అడిగినా," అన్నాను. "ఎట్లుండావు?"