గుండె దిక్కు కాలు

దయ్యాలు, ఆత్మలు ఉన్నాయని నేనెన్నడూ నమ్మలేదు. ఇది రాశాక కూడా నమ్ముతున్నానని చెప్పను. మెకానికల్ డిప్లొమా చదివి, హైదరాబాదులో యంత్రభాగాల డ్రాయింగులు గీసే ఉద్యోగం కొన్నేళ్లు చేసినదాన్ని. జరిగినదాన్ని జరిగిన వరుసలో చెప్పడం ఒక్కటే నాకు చేతనైన పని.

పెళ్లయ్యాక కొత్తగూడెం వచ్చాను. ఇక్కడ నా చదువుకు తగిన ఉద్యోగం దొరకలేదు. కొక్కెం సూదితో దారం అల్లి క్రోషే బొమ్మలు చేయడం అప్పటికే వచ్చు. బొమ్మలు కాక, వాటిని ఎలా అల్లాలో చెప్పే ప్యాటర్న్‌లు రాసి ఆన్‌లైన్‌లో అమ్మడం మొదలుపెట్టాను. ఒక్కో చుట్టులో ఎన్ని అల్లికలు, ఎక్కడ పెంచాలి, ఎక్కడ తగ్గించాలి, కళ్లు ఏ రెండు చుట్ల మధ్య బిగించాలి, ఇవన్నీ రాసిన ఫైలే నా సరుకు. వంటింటి పక్కన కిటికీ దగ్గరి బల్లే నా ఆఫీసు.

ప్యాటర్న్ రాసినవాళ్లే దాన్ని పరీక్షిస్తే తప్పులు దొరకవు. రాయడం మరచిపోయిన మాట కూడా అక్కడ ఉన్నట్టే కన్ను చదువుకుంటూ పోతుంది. అందుకే అమ్మకానికి పెట్టేముందు వేరొకరు అల్లి చూడాలి. నాకు ఆ పని చేసిపెట్టేది పినపాకలో బట్టలు కుట్టే సునీత. రాసినదానికి ఒక్క అల్లిక కూడా అటూ ఇటూ చేయదు; అనుమానం వస్తే వెంటనే ఫోన్ చేస్తుంది. అప్పటికి ఆమె మా ఇంటికి ఎన్నడూ రాలేదు. దారం బస్సులో పంపేదాన్ని.

ఆ రోజుల్లో ఆమె చేతిలో ఉన్నది దుప్పి పిల్ల. కాళ్లు ముందుకు చాపి కూర్చునే బొమ్మ. గోధుమరంగు ఒళ్లు, వీపు నిండా తెల్లదారంతో చుక్కలు.

అప్పుడు నేను గర్భవతిని. ఆ సంగతి నా భర్త రవికి తప్ప ఎవరికీ తెలియదు. అంతకుముందు ఒకసారి అందరికీ సంతోషంగా చెప్పుకున్నాక, స్కానింగులో బిడ్డ గుండె కొట్టుకోవడం కనిపించలేదు. ఓదార్చడానికి వచ్చిన ప్రతి ఒక్కరికీ అదే మాట మళ్లీ మళ్లీ చెప్పవలసి వచ్చింది. ఈసారి గుండె చప్పుడు విన్నాకే ఎవరికైనా చెప్పాలని ఇద్దరం అనుకున్నాం.

స్కానింగు ఖమ్మంలో. పొద్దున్నే ఇంటికి తాళం వేసి బస్సెక్కాం. జూలూరుపాడు దాటాక చూసుకుంటే నా ఫోన్ లేదు. బల్ల మీద ఛార్జింగుకు పెట్టి వచ్చేశాను.

"దిగుదామా? ఎనుకకు పోయి తెచ్చుకుందాం," అన్నాడు రవి.

"వద్దు. ఇప్పుడు దిగితే నేను మళ్ల ఎక్క," అన్నాను.

ఆయన దారిపొడుగునా నా చేయి వదల్లేదు.

ఆసుపత్రి వరండాలో బెంచీ మీద మధ్యాహ్నం దాకా కూర్చున్నాం. లోపలికి పిలిచాక నేను తెర వైపు చూడలేదు. గోడ మీది స్విచ్చుల వైపు చూస్తూ పడుకున్నాను. డాక్టరమ్మ నా భుజం తట్టి, "ఇటు చూడమ్మా. మంచిగ కొట్టుకుంటున్నది," అంది. బూడిదరంగు తెర మీద చిన్న మినుకు. నా వెనుక రవి ముక్కు ఎగబీల్చడం వినిపించింది.

సాయంత్రం ఇల్లు చేరేసరికి వేసిన తాళం వేసినట్టే ఉంది. ఇంటికున్న తాళంచెవులు రెండే; రెండూ మా దగ్గరే ఉన్నాయి. ఫోన్ బల్ల మీదే ఉంది. తెర మీద సునీత పంపిన దుప్పి పిల్ల ఫొటో కనిపించింది. దాని కింద ఒక ప్రశ్న ఉంది: "ఇది సరైన కాలేనా అక్కా?" ఫొటోలో బొమ్మ అరికాలి మీద నల్లదారంతో ఒక చుక్క కుట్టి ఉంది. నా ప్యాటర్న్‌లో అలాంటి చుక్క లేదు. వెంటనే ఫోన్ చేశాను.

"ఆ నల్లచుక్క ఏంది సునీతా? నేను రాయలేదు గదా."

"మీ ఇంట్ల పెద్దమ్మ చెప్పింది గదక్కా. పొద్దుగాల ఫోన్ చేస్తే ఆమెనే ఎత్తింది. మీ అత్తమ్మనా? మస్తు ముచ్చట పెట్టింది."

ఇంట్లో ఎవరూ లేరని అనబోయి ఆగాను. "ఏమన్నది?" అని మాత్రం అడిగాను.

"పిల్ల దవాఖానకు పోయింది, ఫోన్ గీడ్నే మర్సిపోయింది అన్నది. కడుపుల బిడ్డ మంచిగనే ఉన్నది, బుగులు పడేది ఏం లేదు అన్నది. నాకొక్క మాటన్న చెప్పకపోతివి అక్కా, గింత దాపరికమా. సరే, ఏం చేస్తున్నవ్ బిడ్డా అంటే దుప్పి పిల్లను అల్లుతున్న అన్న. ఒంటినిండ తెల్లచుక్కలు పెడితివి, అరికాలికి నల్లచుక్క ఏది, దిష్టి తాకదా అన్నది. నవ్వొచ్చింది నాకు."

"ఏ కాలికి పెట్టమన్నది?"

"అదేనక్కా నా అనుమానం. గుండె దిక్కు కాలుకు పెట్టు అని ఫోన్ పెట్టేసింది. బొమ్మకు గుండె ఏ దిక్కుంటది? లోపల అంతా దూదే గదా. మనిషి లెక్కనే అనుకోని ఎడమ కాలుకు పెట్టిన. ఏందక్కా, తప్పయిందా? మాట్లాడవేంది?"

తప్పు కాలేదని చెప్పి ఫోన్ పెట్టేశాను.

చిన్నప్పుడు నాకు కుడి ఎడమలు తెలిసేవి కావు. చెప్పులు ఎప్పుడూ తారుమారు చేసేదాన్ని. నన్ను పెంచింది మా నానమ్మ. చర్ల దగ్గర మా పల్లె. ఆమె నా అరచేతిని నా ఛాతీ మీద పెట్టి, కొట్టుకునే చోటు చూపించి, "ఇది గుండె దిక్కు చెప్పు" అని తొడిగేది. ఎడమ అనే మాట నాతో ఆమె ఎన్నడూ అనలేదు. దిష్టిచుక్క కూడా గుండె దిక్కు కాలికే. నా పెళ్లికి ముందే ఆమె చనిపోయింది. నేను అల్లిక నేర్చుకున్నది ఆ తరువాతే; అల్లిక సూదిని నా చేతిలో ఆమె చూడనే లేదు.

ఆ తరువాత ఒక్కొక్కటే పరిశీలించాను. ఫోన్‌లో ఆ కాల్ వచ్చినట్టు, ఎత్తినట్టు, కొన్ని నిమిషాలు నడిచినట్టు ఉంది. ఆ సమయానికి మేమింకా ఆసుపత్రి బెంచీ మీదే ఉన్నాం. బిడ్డ బాగుందన్న సంగతి అప్పటికి మాకే తెలియదు. కాల్ దానంతటదే ఎత్తుకునే ఏర్పాటు ఫోన్‌లో లేదు. మా అత్తమ్మ ఉండేది సత్తుపల్లిలో. ఆ రోజు ఆమె ఇల్లు కదలలేదు. పైగా ఆమె మాట యాస వేరు, "ఏందీ" అనదు, "ఏంటీ" అంటుంది. సునీతకు ఫోన్‌లో వినిపించింది "ఏందీ"నే. అడిగి కనుక్కున్నాను. వేరొకరి లైన్ కలిసి ఉంటుందా అంటే, ఆ వేరొకరికి నేను దవాఖానకు పోయినట్టు ఎలా తెలుస్తుంది? గుండె దిక్కు అనే మాట ఎప్పుడైనా నేనే సునీత దగ్గర జారవిడిచానేమో అని ఆలోచించాను. ప్యాటర్న్‌లో నేనెప్పుడూ ఎడమ అనే రాస్తాను. అయినా అది ఒక్కటీ నేను ఖాయంగా కొట్టివేయలేను.

రవికి మొత్తం చెప్పాను. ఆయన ఆ బల్ల వైపు చూసి, "భయమైతున్నదా?" అని అడిగాడు. ఆలోచించి చూసుకుంటే భయం లేదు. పొద్దున బస్సులో ఉన్నదాంట్లో సగం కూడా లేదు. ఆ రోజు నుంచి కాన్పు దాకా నేను నిద్ర పట్టక లేచి కూర్చున్నది లేదు.

పాప పుట్టింది. ప్యాటర్న్‌లో నల్లచుక్కను కూడా ఒక సూచనగా చేర్చాను. ఎందుకని అడిగే విదేశీ కొనుగోలుదారులకు, అది మా వైపు ఆచారం అని రాస్తాను. అది నిజమే, కానీ మొత్తం నిజం కాదు.

పాపను చూడడానికి సునీత మొదటిసారి మా ఇంటికి వచ్చింది. దుప్పి పిల్లను ఊయలలో పెట్టి, గదులన్నీ తొంగిచూసింది.

"పెద్దమ్మ ఏదక్కా? కండ్లార చూద్దామని వచ్చిన."

ఊరికి పోయిందని చెప్పాను. ఆ క్షణంలో నోటికి వచ్చింది అదొక్కటే.

"అయ్యో. అడిగిన్నని చెప్పు మరి."

ఇప్పటికీ ఫోన్ పెట్టేసే ముందు ప్రతిసారీ అదే మాట అంటుంది. చెప్తాను అంటాను. ఎవరికి చెప్పాలో, ఏ దిక్కుకు తిరిగి చెప్పాలో నాకు తెలియదు. అయినా ఫోన్ పెట్టేశాక, ఇంట్లో ఎవరూ లేనప్పుడు, ఆ బల్ల దగ్గర నిలబడి, "నానమ్మా, సునీత నిన్ను అడిగింది," అని పైకే చెప్తాను.