అమ్మమ్మ పాటను సార్ సరిచేసిండు

హైదరాబాద్‌ల మ్యూజిక్ ప్రొడక్షన్ కోర్సు చదివేటప్పుడు, కొడకండ్ల ఊర్ల మా అమ్మమ్మ నాట్లేసుకుంట పాడిన పాటను రికార్డు చేసి, నా ప్రాజెక్టుగ క్లాసుల వినిపించిన.

సార్ నవ్విండు. "శ్రుతి ఏదమ్మా? మార్కెట్లో ఇదెవరు వింటారు?" అనుకుంట కంప్యూటర్ల ఆమె గొంతుల వణుకు, వంగి నాటేసేటప్పటి ఆయాసం అన్నీ తీసేసిండు. క్లాసంత చప్పట్లు కొట్టిండ్రు. నాకు ఒళ్లు మండింది.

సార్ చేసిన పాటను ఊరికి తీస్కపోయి అమ్మమ్మకు వినిపించిన.

"మన పాటే గదనే! మంచిగ పాడుతున్నది. ఎవలే ఈ పిల్ల?" అన్నది.

సోమవారం అందరి ముందట పాత రికార్డింగే మళ్ల పెట్టిన. "మీరు సరిచేసినంక ఆమె గొంతు ఆమెకే తెలుస్తలేదు సార్. గిదే నా ప్రాజెక్టు" అన్న.

ఫెయిల్ చేసిండు. చేసుకోనీ. ఆ చప్పట్లు యాదికొస్తే ఇప్పటికీ పండ్లు కొరుకుత. అమ్మమ్మ పాట మాత్రం ఆయాసంతోనే నా దగ్గరున్నది.