తుప్పు తోమిన హేతువాది

ఒక్క పుస్తకం చదివి నిపుణులైపోయినవాళ్లు మీలో ఎందరున్నారు? నేనైతే రెండు చేతులూ ఎత్తుతున్నాను. నేను చదివింది సగం పుస్తకమే. రెండో సగం చదివి ఉంటే ఈ ఘోరం జరిగేది కాదు.

మలయాకు మెర్డెకా, అంటే స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది నేను సుంగై సుమున్ దగ్గర రబ్బరు ఎస్టేటులో గుమస్తాను. గుడికి వెళ్లే ముసలమ్మలను ఆపి మరీ దేవుడికి రుజువు అడిగే వయసు.

యుద్ధంలో ఓడిన జపాన్‌వాళ్లు పోతూ పోతూ పారేసిన కత్తి మా ఎస్టేటు కూలీ సింహాచలం మావయ్యకు దొరికింది. ఆయుధం దొరికితే జైల్లో వేసే ఎమర్జెన్సీ భయంతో ఇన్నేళ్లూ ఇంటికప్పులో దాచి, చివరికి మేనేజరుకు అప్పగించాడు. పాతకాలపు కమ్మరి చేసిందని తేలితే మ్యూజియంలో పెడతారట. లేకపోతే పోలీసులు కరిగించేస్తారట. జపాన్‌వాళ్లు సయాం రైలు పనికి పట్టుకుపోతే తిరిగిరాని తమ్ముడి పేరు ఆ కత్తి కింద చీటీ మీద ఉండాలని మావయ్య కోరిక.

కత్తి పెట్టిన ఆఫీసు బీరువా తాళం నా దగ్గర. కమ్మరి సంతకం పిడి లోపలి ఇనుము మీద ఉంటుందని, కత్తుల మీద నేను చదివిన ఆ సగం పుస్తకం చెప్పింది. వెదురు మేకు తట్టి పిడి ఊడదీశాను. చూస్తే అంతా నల్లటి తుప్పు! ఇక ఆగుతానా? చింతపండు, ఇటుకపొడి పట్టించి, దీపపు కుందెను తోమినట్టు తోమాను. అక్షరాలు మెరిశాయి.

మర్నాడు మ్యూజియం తరఫున ఇపో నుంచి చీనా పెద్దాయన వచ్చాడు. పిడి తీసి చూడగానే మొహం మాడిపోయింది.

"సియాపా చుచి? ఎవరు కడిగారు? సంతకం ఎవడైనా చెక్కగలడు. దాని వయసు చెప్పేది తుప్పే!"

పక్కనే ఉన్న మావయ్య నా మొహం చూశాడు. "నానే బాబూ. ఆయుధ పూజకని తోమినాను."

పూజలన్నీ బూటకమని ఊరంతా చాటిన నేను, జరగని పూజ చాటున దాక్కున్నాను! పెద్దాయన తిట్టిన తిట్లన్నీ మావయ్య తలవంచుకుని పడ్డాడు. చివరికి నాకు నోరు పెగిలింది.

"నేనే తోమానండీ."

"తెలుసు," అన్నాడు పెద్దాయన. "నీ గోళ్లలో ఇటుకపొడి ఉంది. ఈ కత్తి మీద నేను నమ్మే సంతకం అదొక్కటే."

తర్వాత కత్తిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశాడు. ఇనుము చేత్తో సాగగొట్టిందేనని, మ్యూజియంలో పెట్టొచ్చని తేల్చాడు. మ్యూజియం చీటీ మీద 'సంతకం అనుమానాస్పదం' అని రాశాడు. దాని కింద తమ్ముడి పేరు రాయించుకున్నాడు మావయ్య.

"ఎందుకు నీ మీద వేసుకున్నావు మావయ్యా?"

"నీకు ఉద్యోగం పోద్ది లా. నాకేటి పోద్ది రా?"

ఆ రోజే ప్రతిజ్ఞ చేశాను: నాకు తెలియని తుప్పు జోలికి ఈ జన్మలో పోను. వచ్చే జన్మ ఉందని రుజువైతే, అందులోనూ పోను.

మీ తప్పును నెత్తిన వేసుకుని మాటలు పడుతున్నవాళ్లు ఎవరైనా ఉన్నారా? ఇది పక్కన పెట్టి లేవండి. వెళ్లి, నలుగురూ వినేలా చెప్పండి: "చేసింది నేను."