ఏమోస్ రాథ్మెల్ తవ్విన పది గోతులు

మా ఏమోస్ రాథ్మెల్‌కి పునాది చూడందే ఏ గోడ మీదా నమ్మకం కుదరదు. పక్కన గొయ్యి తవ్వాలి, అందులోకి దిగాలి, అక్కడే కూర్చుని టీ తాగుతూ తేల్చాలి. ఇంగ్లండులోని యార్క్‌షైర్ కొండల్లో అతనితో ఇరవై ఏళ్లు తాపీపని చేసిన పాపానికి టీ మోసింది నేనే.

కాబోయే మామగారింటికి మొదటిసారి టీకి పిలిస్తే పార పట్టుకెళ్లాడట.

"మా అమ్మాయి కోసం వచ్చావా, గోడ కోసమా?" అన్నాడాయన.

"అమ్మాయికి వంక పెట్టేదేముందండీ? గోడ సంగతే తేలాలి."

చర్చి గంటస్తంభం పక్కన తవ్వుతూ పాస్టరుగారికి దొరికిపోయాడు. "ఎనిమిది వందల ఏళ్లుగా నిలబడే ఉందయ్యా!" అని ఆయన మొత్తుకున్నాడు.

"అదేనండీ నా భయం. అలిసిపోయుంటుంది."

హిల్డా ఆల్డర్సన్ ఇలాంటివాణ్ణి పిలిపించింది. భర్త పోయాక ఆమెకు గొర్రెలు మిగిలాయి, మోకాళ్లు మిగల్లేదు. పాత ఇంట్లో మెట్లెక్కలేదు. వాకిలికి అవతలున్న రాతి కొట్టాన్ని ఇల్లు చేసుకుంటే సరే, లేకపోతే పొలం వదిలి టౌన్లో గది చూసుకోవాలి. పునాది గట్టిదైతేనే అనుమతి అన్నాడు కౌన్సిల్ ఇన్‌స్పెక్టరు.

మొదటి గోతిలో ఏమోస్ టీ చల్లారిపోయింది. పొడుగు గోడ కింద ఒక్క వరస రాళ్లు, వాటి కింద జిగటమట్టి. పునాది అన్నదే లేదు. కొత్తది వేయించే స్తోమత ఆమెకు లేదు. ఊరికే చేస్తామంటే గేటు మూసేసే మనిషి. ఎవరైనా ఆరు గుడ్లిస్తే డజను తిరిగిచ్చే రకం.

"ఏం తేలింది?" అంది.

"ఇంకో చోట చూడాలి, మిసెస్ ఆల్డర్సన్."

వచ్చే శుక్రవారం సిమెంటు మిక్సరు తెమ్మన్నాడు నన్ను. "గొయ్యి పూడ్చడానికి సిమెంటెందుకు?" అంటే, "నోర్మూసుకుని కలుపు" అన్నాడు.

గోడ పొడవునా ఒకటో మీటరు దగ్గర ఒక గొయ్యి, తర్వాత నాలుగో మీటరు దగ్గర, ఆ తర్వాత ఏడోదాని దగ్గర. ఒక్కో గొయ్యీ గోడ కిందికంటా తవ్వడం, కాంక్రీటు నింపడం. పక్కపక్కనే ఒకేసారి తవ్వితే గోడ నెత్తిన పడుతుంది. పాత గోడకి కొత్త పునాది వేసే పద్ధతే అది! అర్థమయ్యాక ఆ మొండి మనిషి మీద నాకు ఎంత ప్రేమ పుట్టుకొచ్చిందో చెప్పలేను. ఇన్‌స్పెక్టరుకి ముందే చెప్పాడు కాబోలు, ఆయనా ప్రతి శుక్రవారం వచ్చి గోతిలోకి తొంగిచూసి, ఆమె పెట్టిన ఫ్రూట్‌కేకూ చీజూ తిని వెళ్లేవాడు.

"ఒక్క గోడని ఎన్నిసార్లు చూస్తావు, ఏమోస్?"

"నాకు అనుమానం ఎక్కువండీ."

పదో గొయ్యి పూడాక ఇన్‌స్పెక్టరు సంతకం పెట్టాడు.

"చూశారా!" అన్నాడు ఏమోస్. "పాతకాలం వాళ్లు ఎంత లోతుగా వేశారో!" అంటూ చేతులు కడుక్కోవడానికి వెళ్లాడు.

ఆమె నాకు కేకు కోస్తూ మెల్లిగా అంది: "పాతకాలం వాళ్ల దగ్గర మిక్సరు కూడా ఉండేదా ఏం?"

నేను కేకు ముక్క మొత్తం నోట్లో కుక్కుకున్నాను.

"దాని మోతకి నా కోళ్లు గుడ్లు పెట్టడం మానేశాయి. నాకు తెలీదనుకున్నారా? అతనితో అనకు. పాపం, అంత కష్టపడి దాచుకున్నాడు."

తర్వాత గట్టిగా కేకేసింది: "ఏమోస్! కోళ్లగూడు మీద కూడా నాకు అనుమానంగా ఉంది. వచ్చే శుక్రవారం వచ్చి చూడు. కేకు చేసి ఉంచుతాను."

కోళ్లగూడు చక్రాల మీద ఉంటుంది. అయినా ఏమోస్ వచ్చే శుక్రవారం దాకా ఆగలేదు, అప్పుడే పార తీసుకుని అటు నడిచాడు.