మక్కకు పరంజా

మక్కజొన్న మొక్కలకు పరంజా కట్టిన మనిషిని ఎక్కడైనా చూశారా? నేను చూశాను. ఆయన మా నాయన.

కామాఠిపురలో మా చాల్, అదే ఒంటిగదుల పాత మేడ, దాని పైన గచ్చి మీద, ఖాళీ రంగు డ్రమ్ముల్లో మట్టి నింపి, మొదటి వానకే స్వీట్ కార్న్ గింజలు పెట్టాడు. డ్రమ్ములను పిట్టగోడ వెంట వరసగా పెడదామంటే ఒప్పుకోలేదు. మక్క గుంపుగా ఉంటేనే ఒకదాని పుప్పొడి ఇంకోదాని మీద పడి కంకికి గింజ పడుతుందట. అంతవరకు బాగానే ఉంది. మొక్కలు నడుమెత్తు దాటేసరికి గాలులు మొదలయ్యాయి. ఇక ఆ చేతులు ఊరుకుంటాయా? బతుకంతా ఈ ఊరి మేడలకు వెదురు బొంగులతో పరంజాలు కట్టిన చేతులవి. ఎక్కడినుంచో పాత బొంగులు మోసుకొచ్చి డ్రమ్ముల చుట్టూ చట్రం నిలబెట్టాడు. ఒక్కో మక్క కర్రను రెండేసి చోట్ల నార తాడుతో బొంగుకు బిగించాడు, పుల్ల పెట్టి మెలితిప్పి మరీ. తాడు చాలక మూల డ్రమ్ము ఒక్కటి మిగిలిపోయింది.

"ఏంది నాయనా, దీని మీదికెక్కి సున్నమేస్తవా?" అన్నాను.

"నవ్వుకో పిల్లా. నా కట్టు ఊడది" అన్నాడు.

ఆ మాట నాతో అన్నాడే గాని, తనకు తాను చెప్పుకున్నదే. నాయనకు కంటి నరం దెబ్బతిన్నదని, పోయిన చూపు ఇక తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. అప్పటినుంచి పనికి పిలిచేవాళ్లు లేరు. నాయన మాత్రం తనకు అన్నీ కనిపిస్తున్నాయనే అంటాడు. అలాంటి సమయంలో వర్లి చాల్‌లో ఉండే మనవాడే, ఒక పాత మేస్త్రీ, ఫోన్ చేశాడు. వానలు తగ్గాక ఒక ఎత్తైన బిల్డింగుకు రంగులేసే పని ఉందట. ఆ సందులోకి ఇనప పైపుల లారీ దూరదు, బొంగులు కట్టేవాడే కావాలట. ఈయన వెనకా ముందూ చూడకుండా "వస్త" అనేశాడు.

నాకు ఒళ్లు మండిపోయింది.

"కండ్లు కనిపియ్యకుండ ఏడికెక్కుతవ్? పడితే ఏంది గతి?"

"ఎవనికి కనిపియ్యది? నీ కంటె మంచిగ కనిపిస్తది నాకు."

"మరి పొద్దుగాల చాయ్‌ల పాలనుకోని ఇడ్లీ పిండి పోసినోడు ఎవడు?"

"అరే, గది వేరే!"

"సరే. నీ కట్లు గంత గొప్పయైతే, గా మక్కకు కట్టినయి ఈ వానకాలం ఆగని సూద్దాం. ఒక్కటన్న ఊడకుంటే పో, ఎక్కు. నేనడ్డం రాను."

"మాట మీదుండు" అన్నాడు నాయన. అంతే, లేచి గచ్చి మీదికి పోయాడు.

కాలు జారితే తీసుకోవచ్చు గాని నోరు జారితే తీసుకోలేం. ఆ రోజునుంచి నాకు ముందు నుయ్యి, వెనక గొయ్యి.  కట్లు ఊడితే పీచు వేస్తున్న మక్క పోతుంది. నిలిస్తే నాయన పరంజా ఎక్కుతాడు, ఎక్కితే పడతాడు. నేను దాచుకోకుండా చెబుతున్నాను, ఆ కట్లు ఊడిపోవాలనే కోరుకున్నాను. కన్నతండ్రి ఓడిపోవాలని పోచమ్మకు మొక్కుకున్నాను.

ఒక మధ్యాహ్నం ఫాక్‌లాండ్ రోడ్డులో నేను పనిచేసే చీరల దుకాణంలో కూర్చుని చీరకు ఫాల్ కుడుతున్నాను. ఉన్నట్టుండి బయట చీకటి పడింది. ఎదురు షాపు మీది నీలం తాడ్‌పత్రి పట్టా లేచిపోయింది. అంతలోనే మా పక్కగదిలో ఉండే మరాఠీ పిన్ని, మావశి, ఫోన్ చేసింది. మీ నాయన గచ్చి మీదికి పోయాడు, ఎంత పిలిచినా దిగడం లేదు, తొందరగా రా అని.

ఎలా వచ్చానో తెలియదు. మెట్లమీద రెండుసార్లు జారాను. పైకి వెళ్లేసరికి వాన అడ్డంగా కొడుతోంది. పక్క బిల్డింగు రేకు ఒకటి కత్తిలా మా నెత్తిమీదినుంచి పోయింది. నాయన చట్రాన్ని రెండు చేతులా పట్టుకుని నిలబడ్డాడు. ఆయన వెనక పిట్టగోడ మోకాలెత్తే.

"కిందికి రా నాయనా! నీ కాళ్లు మొక్కుత!"

"సూడు!" అని అరిచాడు. ముఖం వెలిగిపోతోంది. "కదులుతుందా? పట్టుకోని ఊపు, సూడు!"

ఊపాను. కదల్లేదు. ఒక్క కట్టూ సడలలేదు. 

అప్పుడే టప్పుమని శబ్దం.

"ఏం ఇరిగింది? బొంగా?" అన్నాడు నాయన. చెయ్యి చాపితే అందే దూరంలోనే ఉంది ఆ విరిగింది. అయినా నన్నే అడిగాడు.

బొంగు కాదు. మక్క కర్ర. సరిగ్గా కట్టు దగ్గరే విరిగి, పీచుతో సహా తల వేలాడేసింది. మళ్లీ టప్. ఇంకొకటి. గాలి వస్తే వంగాల్సిన కర్రను వంగనివ్వకుండా బిగించేశాడు నాయన. మేడకు కట్టే కట్టు మొక్కకు కట్టాడు. మూల డ్రమ్ములో కట్టకుండా వదిలేసిన మొక్కలు మాత్రం నేలకంటా వంగి, మళ్లీ లేస్తున్నాయి.

చెప్పక తప్పలేదు. "నాయనా, నీ కట్టు గట్టిగనే ఉంది. మక్కే ఇరుగుతుంది."

ఆయన నమ్మలేదు. వేళ్లతో కర్ర పొడవునా తడుముకుంటూ పోయి, విరిగిన చోట ఆగాడు. చాలాసేపు అక్కడినుంచి చెయ్యి తియ్యలేదు. తరవాత నడుముకున్న కత్తి లాగి కట్టు కొయ్యబోయాడు. కత్తి తాడు మీద పడలేదు, బొటనవేలి మీద పడింది. నెత్తురు వానలో కలిసి మోచేతిదాకా కారింది.

నేను కేక వేశాను. నాయన కత్తి తిప్పి పిడి నాకు అందించాడు.

"ఇంద, నువ్వు కొయ్యి. కట్టేడుందో నాకు కనిపిస్తలేదు బిడ్డా."

గాలి హోరులో సరిగ్గా విన్నానో లేదో అనుకున్నాను. ఆయనే మళ్లీ అన్నాడు.

"మేస్త్రీకి ఫోన్ జేసి రానని జెప్పు. ముందుగాల వీటిని కొయ్యి. ఉన్నయన్న బతుకుతయ్."

ఆ మాట అనిపించాలని ఎంత పోరు పెట్టాను! తీరా అన్నాక నాకు సంతోషం కలగలేదు. ఏడుపు వచ్చింది. వానకు నార తాడు ఇంకా బిగుసుకుని కత్తికి లొంగడం లేదు. నాయన నా భుజం పట్టుకుని నిలబడ్డాడు. ఆయన బరువంతా నా మీదే ఉంది. నేను ఒక్కొక్కటే కోస్తూ పోయాను. కోసిన కర్ర కోసినట్టు గాలికి వాలి, మళ్లీ లేచింది. నేను అంతగా మొక్కుకున్నా ఒక్క కట్టూ తనంతట తాను ఊడలేదు. అన్నీ నా చేత్తోనే కోశాను.